చర్లపల్లిలో ఒక రాక్, బోస్టన్‌లో ఒక పాత కంపెనీ

2016 ఏప్రిల్‌లో మా దగ్గరికి తిరిగొచ్చిన అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో "రెండోసారి పాస్" అని రాసి ఉంది. లోపలివి రెగ్యులేటర్ చిప్‌లు, అంటే లాగే కరెంటు మారినా 3.3 వోల్టులను నిలకడగా ఇచ్చేవి. మేం ఫెయిల్ అని పక్కన పెట్టినవాటిని కస్టమర్ తన ల్యాబ్‌లో కొలిచి చూస్తే చాలావరకు శుభ్రంగా ఉన్నాయి. వెంట వచ్చిన మెయిల్ మర్యాదగానే ఉంది. అందులో అడిగింది మాత్రం ఒక్కటే, మీ టెస్టింగ్‌ను ఎందుకు నమ్మాలని.

జవాబులో సగం మాకు సాకెట్ కాళ్ల దగ్గర దొరికింది. మిగతా సగం టెరాడైన్ చరిత్రలో దొరికింది. చిప్‌లను పరీక్షించే యంత్రాలు, అంటే టెస్టర్లు చేసే కంపెనీ అది, 1960లో బోస్టన్‌లో పుట్టింది. టెస్టర్ల తయారీదారు చరిత్ర చదివితే మా టెస్టింగ్ పరికరాల రాక్ బాగుపడుతుందా అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే నేనే నవ్వేవాణ్ని.

మా సెటప్

చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో మాది చిన్న యూనిట్. అప్పటికి ఆరుగురం. బోర్డు మీదకు ఎక్కించే ముందు చిప్‌లను పరీక్షించి, మంచివి వేరు చేసి ఇవ్వడం మా పని. ఈ కస్టమర్ కరెంటు మీటర్లు తయారుచేస్తాడు. ఒక్కో మీటర్‌లో ఒక రెగ్యులేటర్ ఉంటుంది. మీటర్ గోడకెక్కాక అది పోతే, పది రూపాయల చిప్ కోసం ఒక మనిషి ఊరి చివరిదాకా వెళ్లిరావాలి. అందుకే ముందే వడపోత.

రాక్ మేమే కట్టుకున్నాం. ఒక పవర్ సప్లై, చిప్ నుంచి కావలసినంత కరెంటు లాగే ఎలక్ట్రానిక్ లోడ్, ఆరున్నర అంకెల మల్టీమీటర్, కరెంటు దారులు మార్చే స్విచ్‌లతో సొంతంగా వేసిన రిలే బోర్డు, పరికరాలను కంప్యూటర్‌కు కలిపే జీపీఐబీ కేబుళ్లు, ఒక పాత పీసీ. రిలేలు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాం. చిప్ పెట్టే సాకెట్ మాత్రం బయటి దేశం నుంచి తెప్పించాం. ఆ రాక్ చూస్తే నాకు గర్వంగా ఉండేది. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఇంకా తాజాగా ఉంది, మీటర్ మైక్రోవోల్టులు చూపిస్తుంది. అలాంటి మీటర్ తప్పెలా చెబుతుంది?

నిజానికి అట్టపెట్టె రావడానికి వారం ముందే మా ఆపరేటర్ వచ్చి చెప్పాడు. "గిదేం లెక్క సార్? ఇందాక ఫెయిలన్నది, తీసి మళ్ల పెడ్తె పాసంటున్నది."

నేనిచ్చిన సలహా రాయడానికి సిగ్గుగా ఉంది కానీ కేస్ స్టడీ అన్నాక దాచకూడదు. మూడుసార్లు పెట్టు, రెండుసార్లు పాసైతే పాస్ రాసెయ్ అన్నాను. అతను తలూపి వెళ్లాడు. పని ఎక్కువైన రోజు మూడోసారి పెట్టకుండానే రాసేవాడని తర్వాత తెలిసింది. తప్పు అతనిది కాదు, ఆ రూలు పెట్టిన నాది.

అప్పట్లో మాకు ఒక పెద్దాయన అండగా ఉండేవారు. 1970లలో ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో చేరి అక్కడే రిటైరైన ఇంజనీరు. ఉండేది ఏఎస్ రావు నగర్‌లో. ఆ కాలనీ పేరే ఈసీఐఎల్‌ను 1967లో నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారిది. వారానికి రెండు రోజులు స్కూటర్ మీద వచ్చి, ఒక టీ తాగి, ఎవరూ అడగని ప్రశ్నలు అడిగి వెళ్లేవారు. అట్టపెట్టె సంగతి చెప్పాను. ఆయన రాక్ దగ్గరికి కూడా రాలేదు.

"బాబూ, నువ్వు కట్టింది ల్యాబ్‌కా, ప్రొడక్షన్ లైన్‌కా?" అన్నారు.

అర్థం కాలేదు. రెండిటికీ ఒకటే కదా సార్ అన్నాను. అప్పుడు మొదలుపెట్టారు టెరాడైన్ కథ.

హాట్‌డాగ్ కొట్టు మీది గది

అలెక్స్ డార్బెలాఫ్, నిక్ డివుల్ఫ్ 1940ల చివర్లో ఎంఐటీలో కలిసి చదువుకున్నారు. 1960లో ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారు. బోస్టన్ నడిబొడ్డున జో అండ్ నీమో అనే హాట్‌డాగ్ కొట్టు ఉండేది. దాని పైన అద్దెకు తీసుకున్న జాగాలో పని మొదలైంది. మన లెక్కలో మిర్చిబజ్జీల బండి మీద గది అనుకోండి. పేరు మాత్రం భారీగా పెట్టుకున్నారు. టెరా అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు, డైన్ అంటే బలాన్ని కొలిచే ప్రమాణం.

వాళ్లు పట్టుకున్న సమస్య ఇది. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు అప్పుడే లక్షల్లో తయారవుతున్నాయి. వాటిని పరీక్షించేది మాత్రం ల్యాబ్ పరికరాలతో. టెక్నీషియన్ ఒక్కోదాన్నీ పెట్టాలి, మీటర్ ముల్లు చూడాలి, అంకె రాసుకోవాలి, మంచిదా కాదా తేల్చాలి. తయారీ పెరిగే కొద్దీ ఈ బల్ల దగ్గరే అంతా ఆగిపోతుంది.

1961లో వాళ్లు మొదటి ఉత్పత్తిని అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ రేథియాన్‌కు అమ్మారు. డీ133 అనే డయోడ్ టెస్టర్. దానిలో తీర్పు యంత్రానిదే, పాసా ఫెయిలా చెప్పేస్తుంది. చదివి అర్థం చేసుకోవలసిన అంకె ఉండదు. ఇప్పుడు ఇది మనకు వింతగా అనిపించదు. కానీ అంత సులువుగా ఒప్పుకోదగ్గ మాటా కాదు. ఇంజనీరుకు అంకె కావాలి, అంకె దాచేసిన యంత్రం మీద అనుమానం వస్తుంది. ఆ అనుమానం తీరాలంటే యంత్రం రోజంతా, నెలంతా, ఎవరు నడిపినా అదే జవాబు ఇవ్వాలి. అందుకే వాళ్లు తమ సరుకును ఫ్యాక్టరీలో నిలిచే పరికరంగా చెప్పుకున్నారు. పనితనం, నమ్మకం, పెట్టిన డబ్బు తిరిగి రావడం, ఈ మూడే వాళ్ల అమ్మకపు మాటలు.

"నీ మీటర్ ల్యాబ్ మనిషి," అన్నారు పెద్దాయన. "దాన్ని తెచ్చి లైన్‌లో కూర్చోబెట్టావు. తీర్పు మాత్రం ఆ పిల్లాడి చేత చెప్పిస్తున్నావు."

ఆ మాట గుచ్చుకుంది. అప్పుడు వెళ్లి చూశాం రాక్.

ఏం దొరికింది

పెద్దాయన అడిగిన రెండో ప్రశ్న, ఫెయిలైనవన్నీ ఏ టెస్ట్‌లో ఫెయిలయ్యాయని. లాగ్ తీశాం. లోడ్ లేకుండా కొలిచినప్పుడు ఒక్కటీ ఫెయిల్ కాలేదు. 10 మిల్లీఆంపుల దగ్గరా కాలేదు. ఫెయిలైనవన్నీ 1 ఆంపియర్ లోడ్ దగ్గరే. అంత స్పష్టంగా లాగ్‌లో ఉన్నదాన్ని నేను రెండు నెలలుగా చూడలేదు. లాగ్ ఉంది కదా అనే ధీమాలో లాగ్ తెరవడమే మానేశాను.

లెక్క ఇది. 3.3 వోల్టులకు 2 శాతం అంటే 66 మిల్లీవోల్టులు. అంతకంటే తగ్గితే ఫెయిల్. మేం వోల్టేజీ కొలిచే తీగలను రిలే బోర్డు దగ్గర కలిపాం. అక్కణ్నుంచి చిప్ కాలు దాకా ఉన్న తీగ, సాకెట్ స్ప్రింగు పిన్ను, ఈ దారి మొత్తానికి కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. 40 మిల్లీఓమ్‌లు ఉంటే 1 ఆంపియర్ దగ్గర 40 మిల్లీవోల్టులు అక్కడే రాలిపోతాయి. సాకెట్ కొత్తగా ఉన్నప్పుడు అంతే ఉండేది, చిప్ ఎలాగో గట్టెక్కేది. వేల చిప్‌లు పెట్టి తీశాక కాళ్ల మీది తగరం పొడి పిన్నులకు అంటుకుని, దాని మీద తుప్పు పొర పట్టి, అదే దారి 70, 80 మిల్లీఓమ్‌లకు చేరింది. చిప్‌లో దోషం లేకపోయినా మిల్లీవోల్టులు దారిలోనే పోయాయి. తీసి మళ్లీ పెట్టినప్పుడు ఆ రాపిడికి పొర గీరుకుపోయి పాసయ్యేది. ఆపరేటర్ చెప్పింది అక్షరాలా నిజం.

మందు పాతదే. ఒక్కో కాలుకు రెండు తాకుడు చోట్లు, కరెంటు పంపడానికి ఒక తీగ, కొలవడానికి మరో తీగ. కెల్విన్ కనెక్షన్ అంటారు. కాలేజీలో మార్కుల కోసం చదివాం. సాకెట్ కొనేటప్పుడు మాత్రం సగం ధరకు వస్తోందని మామూలుది కొన్నాం.

దీనికంటే లోతైనది రెండోది. రెగ్యులేటర్‌కు ఇచ్చేది 5 వోల్టులు, బయటికొచ్చేది 3.3. తేడా 1.7 వోల్టులు. 1 ఆంపియర్ దగ్గర 1.7 వాట్లు చిప్‌లోనే వేడిగా మారతాయి. బోర్డు మీదైతే కింద రాగి పొర ఆ వేడిని లాక్కుంటుంది. సాకెట్‌లో రాగి లేదు. మా మీటర్‌ను ఎక్కువ ఖచ్చితత్వం కోసం ఒక్కో రీడింగ్‌కు పది కరెంటు సైకిళ్ల సగటు తీసేలా పెట్టాం. 50 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, పది సైకిళ్లంటే 200. నాలుగు రీడింగులు, మధ్యలో రిలేలు కుదురుకోవడం, అన్నీ కలిపితే చిప్ ఒక సెకనుకు పైగా నిండు లోడ్‌లో ఉడికేది. నాలుగో రీడింగ్‌కు వచ్చేసరికి మేం కొలిచేది ఆ చిప్‌ను కాదు, వేడెక్కిన ఇంకో చిప్‌ను.

ఫ్యాక్టరీ టెస్టర్లు ఇదే పనిని కొన్ని మిల్లీసెకన్లలో ముగిస్తాయి. అంత వేగం డబ్బు ఆదా కోసమే అనుకునేవాణ్ని, గంటకు ఎక్కువ పీసులు రావాలని. ఆ ఆదా నిజమే. దానితోపాటు, చిప్ వేడెక్కేలోపే కొలవడం వల్ల జవాబు కూడా సరిగ్గా వస్తుందని తెలియడానికి నాకు పన్నెండేళ్ల సర్వీసు పట్టింది.

మూడోది రిలేలు. రోజుకు 5,000 పీసులు, ఒక్కో పీసుకు ఒక్కో రిలే నాలుగుసార్లు మారుతుంది. అంటే రోజుకు 20,000 సార్లు. గుజరాతీ గల్లీలో మేం కొన్న రకానికి నిండు కరెంటులో ఆయుష్షు లక్ష సార్లు అని కంపెనీ కాగితం మీదే ఉంది. ఐదు రోజులు! మేం నాలుగు నెలలుగా వాడుతున్నాం. కరెంటు పారుతుండగా రిలే మార్చడం వల్ల ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుట్టి కాంటాక్టులను కాలుస్తుంది. ముందు లోడ్ ఆపి, తర్వాత రిలే మార్చి, మళ్లీ లోడ్ పెడితే అదే రిలే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం బతుకుతుంది. ప్రోగ్రాంలో మూడు లైన్ల మార్పు.

ఎండాకాలం సంగతి కూడా ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి బాగా పొడిగా ఉంటుంది. పొడి గాలిలో ఒంటి మీద పేరుకునే స్థిర విద్యుత్తు చిప్‌ను పాడుచేయగలదు. దాన్ని భూమిలోకి పంపడానికి చేతికి కట్టుకునే ఎర్త్ పట్టీని చిరాగ్గా ఉందని ఆపరేటర్లు తీసేసేవారు. దానివల్ల ఎన్ని చిప్‌లు పోయాయో తేల్చలేకపోయాం కాబట్టి దాని మీద ఇక్కడ ఎక్కువ రాయను.

మళ్లీ బోస్టన్‌కు

రాక్ విప్పేసిన ఆ వారం నేను టెరాడైన్ గురించి దొరికినదల్లా చదివాను. పెద్దాయన చెప్పని ఒక ముక్క అందులో నన్ను బాగా పట్టుకుంది.

1960ల మొదట్లో పెద్ద చిప్ కంపెనీలు టెస్టర్లు తామే కట్టుకునేవి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు సొంత యంత్రం ఉండేది. ఫెయిర్‌చైల్డ్‌కైతే పరికరాల విభాగమే ఉండేది, అది బయటివాళ్లకూ అమ్మేది. తర్వాత కాలంలో ఫెయిర్‌చైల్డ్ సెంట్రీ టెస్టర్లు చాలా ఫ్యాక్టరీల్లో కనిపించేవి. అలాంటి చోట చిప్ ఒక్కటీ తయారుచేయని చిన్న కంపెనీ ఎలా బతికింది? నా ఊహ ఇది. ఫెయిర్‌చైల్డ్ పోటీదారుడు ఫెయిర్‌చైల్డ్ యంత్రం కొనాలంటే మనసులో ఒక ముల్లు ఉంటుంది, రేపు విడిభాగం కోసం పోటీదారు తలుపే తట్టాలి. చిప్‌లు అమ్మని టెరాడైన్ దగ్గర ఆ ఇబ్బంది లేదు. పంచాయితీకి వాటాదారు కానివాణ్ని పిలవడం లాంటిది.

1966లో జే259 వచ్చింది. ఐసీలను, అంటే చిప్‌లను, పరీక్షించే యంత్రానికి కంప్యూటర్‌ను జత చేసిన మొదటిది అదే అంటారు. ఆ కంప్యూటర్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పీడీపీ-8, పన్నెండు బిట్ల మెషీన్. ఈ మాట చదివి పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన వెంటనే, "మన టీడీసీ-12 కూడా పన్నెండు బిట్లే బాబూ" అన్నారు. 1969 నాటి ఈసీఐఎల్ కంప్యూటర్ అది. చర్లపల్లి నుంచి కూతవేటు దూరంలో దాని వారసులు తయారయ్యేవి. ఫోన్‌లో ఆయన గొంతు కాస్త మారింది. నేను మాట మార్చేశాను.

కంప్యూటర్ చేరాక వ్యాపారం స్వభావమే మారింది. డీ133లో పరీక్ష యంత్రం లోపలే కట్టి ఉంది. జే259 తర్వాత పరీక్ష అంటే ప్రోగ్రాం. కొత్త చిప్ వస్తే కొత్త ప్రోగ్రాం రాసుకోవచ్చు, యంత్రం మార్చక్కర్లేదు. రెండో వైపు కూడా ఉంది. ఏళ్ల తరబడి రాసిన వందల ప్రోగ్రాంలు ఒక కంపెనీ యంత్రం మీదే నడుస్తుంటే, వేరే కంపెనీ యంత్రం చవగ్గా వచ్చినా కదలడం కష్టం. ప్రతి ప్రోగ్రాం తిరగరాయాలి, పాత యంత్రం జవాబూ కొత్త యంత్రం జవాబూ సరిపోతున్నాయని నిరూపించాలి. ఈ రంగంలో ఒకసారి కాలు పెట్టినవాళ్లు దశాబ్దాలు నిలబడటానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం.

డివుల్ఫ్ 1971 వరకు కంపెనీని నడిపి బయటికొచ్చేశారు. ఆ పదకొండేళ్లలో మూడు వందలకు పైగా టెస్ట్ సిస్టమ్‌ల డిజైన్ ఆయన ఖాతాలో ఉంది. తర్వాత కొలరాడోలోని ఆస్పెన్‌కు వెళ్లి, అక్కడి వీధిలో కంప్యూటర్ ఆడించే నీటి ఫౌంటెన్ కట్టడంలో పాలుపంచుకున్నారు. డార్బెలాఫ్ 1997 దాకా సారథిగా ఉన్నారు. 1976లో టెరాడైన్‌లోంచి కొందరు వెళ్లి ఎల్‌టీఎక్స్ అనే పోటీ కంపెనీ పెట్టారు. జపాన్‌లో 1954లో పుట్టిన టకేడా రికెన్ 1972లో చిప్ టెస్టర్లలోకి దిగింది, 1985లో అద్వాంటెస్ట్‌గా పేరు మార్చుకుంది. ఇప్పుడు ప్రపంచంలో పెద్ద టెస్టర్లంటే ప్రధానంగా ఈ రెండు పేర్లే, టెరాడైన్, అద్వాంటెస్ట్.

కొనాలా, కట్టుకోవాలా

రాక్ బాగు చేశాం. అయినా పార్ట్‌నర్‌కూ నాకూ వాదన తెగలేదు. ఆయన వాదం, మరో మూడు రాక్‌లు కడదామని. నాది, పాత టెస్టర్ ఒకటి కొందామని.

పార్ట్‌నర్ టెరాడైన్ చరిత్రలోంచే ఒక అస్త్రం తీశారు. 1990లలో ఆ కంపెనీ పెద్ద కస్టమర్లు ఇంకా వేగం, ఇంకా పిన్నులు అడుగుతుండేవాళ్లు. ఆ స్థాయి యంత్రాలు ఈసీఎల్ అనే అతివేగపు రకం సర్క్యూట్లతో నడిచేవి. ఖరీదు, వేడి రెండూ ఎక్కువ. అప్పుడు కంపెనీ లోపలే అరోరా అనే పేరుతో ఒక చిన్న జట్టును వేరుగా కూర్చోబెట్టారు. వాళ్లు సీమాస్ అనే చవకైన, మామూలు రకం సర్క్యూట్లతో టెస్టర్ కట్టారు. వర్క్‌స్టేషన్ బదులు విండోస్ ఎన్‌టీ పీసీ, ప్రోగ్రాం రాయడానికి ఎక్సెల్ షీట్లు, విజువల్ బేసిక్. పెద్ద కస్టమర్లకు అది బొమ్మలా కనిపించింది. ఆ జట్టు గురిపెట్టింది మైక్రోకంట్రోలర్లను, అంటే ఇంటి సామాన్లలో ఉండే చవక చిప్‌లను. 1998లో అది ఇంటెగ్రా జే750 పేరుతో బయటికొచ్చింది, తర్వాత వేలల్లో అమ్ముడుపోయింది.

"మనదీ అరోరానే," అన్నారు పార్ట్‌నర్. "చవక, చిన్నది, పీసీ మీద నడుస్తుంది."

వినడానికి బాగుంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. సీమాస్‌తో ఒక చిక్కుంది. వేడి మారితే దానిలో సిగ్నల్ వచ్చే సమయం అటూ ఇటూ జరుగుతుంది. నానోసెకన్లు లెక్కబెట్టాల్సిన టెస్టర్‌కు అది పెద్ద గండం. దాన్ని దాటినవాళ్ల వెనక దాదాపు నలభై ఏళ్ల టెస్టర్ అనుభవం ఉంది. ఏది వదిలేయవచ్చో, ఏది వదిలేయకూడదో వాళ్లకు తెలుసు. మేమేమో కెల్విన్ సాకెట్‌నే వదిలేసినవాళ్లం. మాది చవక ఒక్కటే, అరోరా కాదు.

పాత టెస్టర్ కొనడం తేలికేం కాదు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో యంత్రం మీద ఉన్న పేరుకు, ఇవాళ విడిభాగాలు ఇచ్చేవాడికి సంబంధం ఉండకపోవచ్చు. ఇంటిపేర్లు మారిపోతాయి. ఫెయిర్‌చైల్డ్‌ను 1979లో ష్లంబర్జర్ కొంది. ఆ టెస్టర్ల విభాగం తర్వాత ఎన్‌పీటెస్ట్‌గా విడిపోయింది. దాన్ని 2004లో క్రెడెన్స్ కొంది. క్రెడెన్స్ 2008లో ఎల్‌టీఎక్స్‌తో కలిసింది. ఆ కలిసిన కంపెనీ 2014లో ఎక్సెరా అయింది, 2018లో కోహు చేతికి వెళ్లింది. హెచ్‌పీ టెస్టర్లదీ అదే వరస, ఎజిలెంట్ నుంచి 2006లో వెరిజీగా వేరుపడి 2011లో అద్వాంటెస్ట్‌లో కలిశాయి. టెరాడైన్ 1995లో మెగాటెస్ట్‌ను, 2001లో జెన్‌రాడ్‌ను కొంది. 2008లో నెక్స్‌టెస్ట్, ఈగిల్ టెస్ట్ రెండూ దాని గూటికే చేరాయి. వీటిలో ఈగిల్ అనలాగ్, పవర్ చిప్‌ల టెస్టర్లకు పేరున్నది, మా రెగ్యులేటర్లకు దగ్గరి చుట్టం.

ఇన్ని అమ్మకాలూ కొనుగోళ్లూ ఎందుకు? చిప్‌ల వ్యాపారం ఊగిసలాడితే టెస్టర్ల వ్యాపారం దానికి రెట్టింపు ఊగుతుంది. డిమాండ్ పడిపోతే చిప్ కంపెనీ చిప్‌లు తగ్గించి అమ్ముతుంది గానీ, కొత్త టెస్టర్ మాత్రం అసలే కొనదు. టెరాడైన్ అమ్మకాలు 2000లో సుమారు 300 కోట్ల డాలర్లు. 2001లో అందులో సగం కూడా లేవు. అలాంటి ఏడాది తట్టుకోలేనివాళ్లు తట్టుకున్నవాళ్లకు అమ్ముకుంటారు. 2015లో టెరాడైన్ డెన్మార్క్ రోబోల కంపెనీ యూనివర్సల్ రోబోట్స్‌ను కొనడం వెనక కూడా ఈ ఊగిసలాట భయం ఉందనుకుంటాను.

ఈ వంశవృక్షాన్ని ఎ4 కాగితం మీద గీసి గోడకు అంటించాం. ఏ యంత్రం ధర చెప్పినా ముందు ఆ కాగితం దగ్గరికి వెళ్లి, దీని వారసుడు ఎవరు, అతను ఇంకా ఆ బోర్డులు రిపేరు చేస్తాడా అని చూసేవాళ్లం. మూడు యంత్రాలు ఆ కాగితం దగ్గరే ఆగిపోయాయి. చివరికి ఒక చిన్న అనలాగ్ టెస్టర్ కొన్నాం. తయారీదారు పేరు రాయను. ఎందుకంటే అది వచ్చిన స్థితికి తప్పు మధ్యలో ఉన్న ఏజెంటుదో, దారిలో లారీదో ఇప్పటికీ తేలలేదు. ఒక బోర్డు పగిలి వచ్చింది. ఆరు వారాలు దానికే పోయాయి.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

కొత్త యంత్రం మీద ప్రోగ్రాం రాసేటప్పుడు మొదటి పరీక్ష కాంటాక్ట్ టెస్ట్. చిప్ కాళ్ల దగ్గర రక్షణ కోసం లోపలే చిన్న డయోడ్లు ఉంటాయి. ఒక్కో కాలులోకి 100 మైక్రోఆంపుల కరెంటు పంపితే, కాలు సాకెట్‌ను సరిగ్గా తాకి ఉంటే సుమారు 0.6 వోల్టులు కనిపిస్తాయి. తాకకపోతే వోల్టేజీ పైకి పోతుంది. అంటే 1961లో డయోడ్ టెస్టర్‌గా మొదలైన పని, ఇవాళ ఏ చిప్ ప్రోగ్రాంలోనైనా మొదటి లైన్‌లో మళ్లీ డయోడ్ టెస్ట్‌గానే కనిపిస్తుంది. ఇది తెలిసిన రోజు పార్ట్‌నర్‌కు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

కాంటాక్ట్‌లో ఫెయిలైనవి బిన్ 5కు, అంటే ఐదో నంబరు డబ్బాకు వెళ్తాయి. వాటిని ఒక్కసారి మాత్రమే మళ్లీ పెట్టవచ్చు. మిగతా ఏ టెస్ట్‌లో ఫెయిలైనా అది ఫెయిలే, రెండోసారి లేదు. నా పాత "మూడులో రెండు" రూలును కొట్టేయడానికి ఈ ఒక్క విభజన సరిపోయింది.

ప్రతి లాట్‌కు, అంటే ఒక విడత సరుకుకు ముందు, విలువ ముందే తెలిసిన నాలుగు గోల్డెన్ పీసులు పెడతాం. ఒకటి నట్టనడిమి విలువది, ఒకటి పై హద్దుకు దగ్గరిది, ఒకటి కింది హద్దుకు దగ్గరిది, ఒకటి కచ్చితంగా ఫెయిల్ కావలసినది. నాలుగోది పాసైతే లాట్ ఆపేస్తాం. ఇది ఆపరేటర్లకు మొదట నచ్చలేదు, పావుగంట దండగ అన్నారు. ఒకరోజు నాలుగోది నిజంగానే పాసైంది. పాత లాట్ ప్రోగ్రాం ఎవరో లోడ్ చేసి ఉంచారు. ఆ తర్వాత దండగ అనలేదు.

కస్టమర్ ల్యాబ్‌తో సరిపోల్చడానికి రెండు వందల పీసులకు నంబర్లు వేసి రెండు చోట్లా కొలిపించాం. మొదట్లో మా విలువలు అన్నీ ఒకే వైపు కొన్ని మిల్లీవోల్టులు తక్కువ వచ్చాయి. మా తీగల్లో ఇంకెక్కడో లోపం అనుకుని నాలుగు రోజులు వెతికాం. లోపం వాళ్ల వైపు తేలింది, వాళ్ల ల్యాబ్ బోర్డులో గ్రౌండ్ కొలిచే చోటు చిప్‌కు దూరంగా ఉంది. ఈసారి మెయిల్ మేం రాశాం, మర్యాదగానే.

పాత రాక్‌ను పారేయలేదు. కొత్త డిజైన్ మీద అనుమానం వచ్చినప్పుడు ఒక్క చిప్‌ను తీరిగ్గా కొలవడానికి అది ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, ల్యాబ్ మనిషి ల్యాబ్‌కు వెళ్లాడు.

తేలనివి కూడా ఉన్నాయి. ఇప్పుడు కస్టమర్ 125 డిగ్రీల వేడి దగ్గర పరీక్ష అడుగుతున్నాడు. చిప్‌లను సాకెట్‌లో పెట్టి తీసే మా యంత్రం, హ్యాండ్లర్, అంత వేడికి తగినది కాదు. నాలుగు చిప్‌లను ఒకేసారి పరీక్షిస్తే ధర దిగుతుంది, కానీ నాలుగు సాకెట్ల మధ్య తేడా మళ్లీ మొదటి సమస్యనే తెచ్చిపెడుతుందని నా భయం. 2023 నుంచి గుజరాత్‌లోని సానంద్‌లో, ఆ తర్వాత అస్సాంలో చిప్ ప్యాకేజింగ్, టెస్టింగ్ ప్లాంట్ల పనులు మొదలయ్యాక మాకు తెలిసిన కుర్రాళ్లు టెస్ట్ ఉద్యోగాల గురించి అడుగుతున్నారు. అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్ కోర్సు బోర్డులు చాలానే ఉన్నాయి. సాకెట్ తుడవడం నేర్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు.

మొన్న రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. అప్పటి ఆపరేటరే, ఇప్పుడు షిఫ్ట్ చూసుకుంటాడు.

"సార్, బిన్ 5 పెరుగుతున్నది. సాకెట్ మార్చమంటరా?"

"ఎన్నైంది దాని మీద?"

"నలభై వేలు దాటింది."

"ముందు తుడిచి, గోల్డెన్ పీసులు పెట్టి చూడు."

"తుడిచిన సార్. నాలుగోది ఫెయిలే వచ్చింది, మంచిగున్నది. రెండోదే జర కిందికొచ్చింది."

"ఎంత?"

"పన్నెండు మిల్లీవోల్టులు."

"మార్చేసెయ్," అన్నాను.